మూడు ముక్కల పాస్‌వర్డ్

ముత్తారంపేట ఉన్నత పాఠశాలలో కంప్యూటరు మొరాయిస్తే ఒకప్పుడు దాన్ని ఆపేసి మళ్ళీ వేసేవారు. చాలాసార్లు అంతటితో బాగయ్యేది. బాగు కాకపోతే వీపు మీద రెండు దెబ్బలు వేసేవారు. అప్పటికీ కాకపోతే పైన గుడ్డ కప్పి, పెద్ద సార్లు ఎవరైనా తనిఖీకి వచ్చిన రోజున ఆ గుడ్డ తీసేవారు. ఈ పద్ధతిలో ఎవరికీ ఇబ్బంది లేకుండా నాలుగేళ్ళు గడిచాయి.

ఆ తరువాత జిల్లాలో సాంకేతిక పరివర్తన విభాగం అనేది పుట్టింది.

పుట్టగానే అది చేసిన మొదటి పని, బడుల్లోని పాత కంప్యూటర్లన్నిటికీ విండోస్ బదులు ఉచితంగా దొరికే లినక్స్ ఎక్కించడం. మంచి పనే. మూలుగుతూ నడిచే కంప్యూటర్లు చురుగ్గా లేచి కూర్చున్నాయి. వైరస్‌లు పోయాయి. పిల్లలు సంతోషించారు. కానీ ఒక మంచి పని జరిగిపోయి, దాని మీద ఎవరి సంతకమూ లేకపోవడం విభాగానికి పెద్ద వెలితిగా తోచింది. అందుకని నలభై ఏడో నంబరు సర్క్యులర్ వచ్చింది.

లినక్స్‌లో ముఖ్యమైన మార్పు ఏది చేయాలన్నా పాస్‌వర్డ్ అడుగును. అది తెలిసిన వ్యక్తి కంప్యూటరులో ఏమైనా చేయగలడు. ఇంతటి అధికారం ఒకే ఉద్యోగి చేతిలో ఉండుట పరిపాలనకు క్షేమము కాదు. కావున పన్నెండు అక్షరాల పాస్‌వర్డ్‌ను మూడు ముక్కలు చేసి మొదటి నాలుగక్షరాలు ప్రధానోపాధ్యాయుల వద్ద, నడిమి నాలుగు మండల విద్యాధికారి వద్ద, చివరి నాలుగు జిల్లా సమన్వయకర్త వద్ద లక్క వేసిన కవర్లలో భద్రపరచవలెను. ఒకరు తమ ముక్కను టైపు చేయునపుడు తక్కిన ఇద్దరు గోడవైపు తిరిగి నిలబడవలెను.

ప్రధానోపాధ్యాయులు వీరేశం సార్ తన కవరును బీరువాలో పెట్టి తాళం వేసి, ఆ తాళంచెవిని ఇంకో బీరువాలో పెట్టారు. రెండో బీరువాకు తాళం లేదు.

అంతా సవ్యంగానే ఉండేది, నవనీతకు పాలిటెక్నిక్‌లో సీటు రాకపోతే.

నవనీత ఆ యేడే పది పాసయింది. జిల్లా కేంద్రంలోని మహిళా పాలిటెక్నిక్‌లో, కంప్యూటర్ బ్రాంచిలో సీటు వచ్చింది. జూలై పద్దెనిమిది సాయంత్రం ఐదులోపల బోనఫైడ్ తెచ్చి ఇవ్వాలి. ఇవ్వకపోతే సీటు ఇంకొకరికి పోతుంది. బోనఫైడ్ అంటే ఫలానా పిల్ల ఫలానా బడిలో చదివిందని చెప్పే అరపేజీ కాగితం. చేత్తో రాస్తే రెండు నిమిషాల పని. అయితే చేతిరాత ధ్రువపత్రాలు చెల్లవని ముప్పై ఒకటో నంబరు సర్క్యులర్ ఉంది. బడి కంప్యూటరులోంచే అచ్చు కావాలి.

ఇంకొక చిక్కు ఏమిటంటే, నవనీత మాట బయటికి రాని పిల్ల. హాజరు పిలిచినప్పుడు ఆమె పలికే ‘ఎస్ సార్’ పక్క బెంచీ దాటేది కాదు. తొమ్మిదో తరగతిలో అలా ఇరవై రెండు రోజులు బడిలోనే కూర్చుని గైర్హాజరయింది.

మూడో తారీఖున ఆమె ఆఫీసు గది గుమ్మం దగ్గర నిలబడింది. పావుగంట తరువాత వీరేశం సార్ తలెత్తి చూశారు.

“ఏందమ్మా, ఎప్పుడొచ్చినవ్?”

“బోనఫైడ్ సార్.”

“ఏంది?”

“బోనఫైడ్ అంటుంది సారూ,” అంది అటెండరు రాజవ్వ, లోపల బల్ల తుడుస్తూ. బడిలో నవనీత మాటలు సరిగ్గా వినిపించే మనిషి ఆమె ఒక్కతే.

వీరేశం సార్ నిట్టూర్చారు. “ప్రింటర్ ఉన్నది బిడ్డా. కంప్యూటర్ ఉన్నది. కాగితం ఉన్నది. నిన్న అప్‌డేట్ అయ్యింది. అప్పటిసంది కంప్యూటర్‌కు ప్రింటర్ యాదికి లేదు. మళ్ళ రెండింటికి పరిచయం జెయ్యాలె. దానికి పాస్‌వర్డ్ కావాలె. నా దగ్గర నాలుగక్షరాలే ఉన్నయ్.”

“మరి తక్కినయ్ తెప్పియ్యిండి,” అంది రాజవ్వ.

“అక్షరాలు రావు రాజవ్వా. అధికారులు రావాలె.”

ముందుగా విభాగంవారి సహాయ కేంద్రానికి రాశారు. మర్నాడు జవాబు వచ్చింది: ‘ఈ ప్రశ్న ఇదివరకే అడగబడినది. వెతుక్కోగలరు.’ వీరేశం సార్ వెతికారు. నిరుడు ఎవరో ఇదే ప్రశ్న అడిగారు. దాని కింద జవాబు ఉంది: ‘ఈ ప్రశ్న ఇదివరకే అడగబడినది.’ ఇంకా వెనక్కి వెళ్ళారు. అన్నిటికంటే పాత ప్రశ్న కింద, అడిగినాయనే రాసుకున్నాడు: ‘సమస్య తీరిపోయింది, ధన్యవాదాలు.’ ఎలా తీరిందో రాయలేదు.

ఏడో తారీఖున మండల విద్యాధికారి కమలాకర్ గారు, జిల్లా సమన్వయకర్త విశ్వమోహన్ గారు కారు దిగారు. ఇద్దరి చేతుల్లోనూ లక్క కవర్లున్నాయి. విశ్వమోహన్ గారు కంప్యూటరు గది నాలుగు గోడలూ చూసి, గోడవైపు తిరిగి నిలబడటానికి ఉత్తరపు గోడ అనుకూలమని తేల్చారు. నవనీత బయట కిటికీ పక్కన నిలబడింది.

తెర నల్లగా అయింది. పాస్‌వర్డ్ అని అడిగింది. అధికారులిద్దరూ గోడవైపు తిరిగారు. వీరేశం సార్ కవరు చింపి, మొదటి అక్షరం నొక్కారు. తెర మీద ఏమీ పడలేదు. రెండోది నొక్కారు. ఏమీ లేదు. మళ్ళీ మొదటిది నొక్కారు.

“పూర్తి అయినదా?” అన్నారు విశ్వమోహన్ గారు గోడతో.

“పడ్తలేదు సార్.”

“దృఢంగా నొక్కండి.”

వీరేశం సార్ దృఢంగా నొక్కారు. బల్ల కదిలింది. అక్షరం మాత్రం కనిపించలేదు. నాలుగక్షరాలనూ మూడేసి సార్లు కొట్టి, చెమట తుడుచుకుని లేచారు. తరువాత కమలాకర్ గారు తన ముక్కను ఐదుసార్లు కొట్టారు. విశ్వమోహన్ గారు తన ముక్కను ఒక్కసారే కొట్టి, తెర మీద ఏమీ కనిపించకపోయేసరికి, తన హోదాకు తగినట్టు ఇంకొక్కసారి కొట్టారు. పాస్‌వర్డ్ తప్పని కంప్యూటరు చెప్పింది.

కిటికీ బయట నవనీత అంతా చూసింది. ఆమెకు సంగతి తెలుసు. కాంట్రాక్టు మీద వచ్చి యేడాది పాఠాలు చెప్పి వెళ్ళిన శైలజ టీచర్ ఆ నల్ల తెర చూపించి చెప్పింది: ఇక్కడ పాస్‌వర్డ్ కొడితే అక్షరాలు కనపడవు, చుక్కలు కూడా పడవు, పక్కవాళ్ళు లెక్కపెట్టకుండా అలా చేశారు, కనపడకపోయినా లోపలికి పోతాయి, ఒక్కసారి కొట్టి ఎంటర్ నొక్కాలి. అంతే. ఇప్పుడు ఆ ముక్క చెబితే చాలు. నవనీత నోరు తెరిచింది. నోరు తెరవడం వరకే అయింది.

రాజవ్వ మంచినీళ్ళ గ్లాసులతో వెళ్తూ ఆగింది. “ఏం బిడ్డా, ఏమంటున్నవ్?”

నవనీత చెవిలో చెప్పింది. రాజవ్వ లోపలికి వెళ్ళి, గ్లాసులు పెట్టి, గట్టిగా చెప్పింది: “సారూ, గా అక్షరాలు కనపడయట. కనపడకున్నా పడ్తయట. ఒక్కపారే కొట్టాలెనట.”

విశ్వమోహన్ గారు నీళ్ళు తాగి, గ్లాసు కింద పెట్టి, దయగా నవ్వారు. “చూడమ్మా. కనిపించని దానిని నమోదైనదిగా పరిగణించుటకు నిబంధనలు అనుమతించవు. రేపు ఒక ఉద్యోగి కనిపించకుండానే విధులకు హాజరైనానంటాడు. మనం ఒప్పుకోగలమా?”

“మస్తుమంది గట్లనే చేస్తున్నరు గద సారూ,” అంది రాజవ్వ. వీరేశం సార్‌కు పొలమారింది.

నివేదికలో ‘కీబోర్డు నిరుత్తరముగా ఉన్నది’ అని రాసుకుని అధికారులిద్దరూ వెళ్ళిపోయారు.

తొమ్మిదో తారీఖున కొత్త కీబోర్డు వచ్చింది. దాని మీదా అంతే. పదకొండున ఇంకొకటి వచ్చింది. దీన్ని ముందుగా పరీక్షించమన్నారు కాబట్టి, వీరేశం సార్ మామూలు రాత పేజీ తెరిచి తన పేరు కొట్టారు. చక్కగా పడింది. నల్ల తెరలో పడలేదు. మళ్ళీ రాత పేజీలో కొట్టారు. పడింది. దీని మీద ఒక విచారణ జరిగి, కీబోర్డు సామాన్య విషయములందు పనిచేయుచూ, అధికారిక విషయములందు మాత్రమే మౌనము వహించుచున్నదని, ఇది ఉద్దేశపూర్వకమై ఉండవచ్చునని తేలింది. ఎందుకు చర్య తీసుకోరాదో మూడు రోజుల్లో తెలుపవలసిందిగా మెమో వచ్చింది. మెమో ఎవరికో అందులో స్పష్టంగా లేదు. వీరేశం సార్ ఆలోచించి దాన్ని కీబోర్డు కింద పెట్టారు.

పదకొండో తారీఖు సాయంత్రం ఇంట్లో అమ్మ అడిగింది. “వచ్చిందా కాగితం?”

“రాలే.”

“ఇంకెన్ని రోజులున్నయ్?”

“ఏడు.”

“నువ్వేమన్న అడిగినవా, లేకుంటే తలుపు కాడ నిలవడి వచ్చినవా?”

నవనీత కంచం ముందుకు లాక్కుంది. అన్నం కలుపుతూ ఉండిపోయింది.

“సీటు పోతే ఇంటర్ల ఏదన్న గ్రూపు దీసుకుందువులే,” అంది అమ్మ. అది ఓదార్పుగానే అంది. నవనీతకు నిరుడంతా బడి కంప్యూటరు గదిలో, గుడ్డ కప్పిన కంప్యూటర్ల మధ్య ఒక్కటి తెరుచుకుని కూర్చున్న మధ్యాహ్నాలు గుర్తొచ్చాయి. మనుషుల ముందు పెగలని మాట అక్కడ టైపు చేస్తే వెళ్ళేది. తప్పయితే కంప్యూటరు తప్పని చెప్పేది, నవ్వేది కాదు. ఆ చదువు వదిలి ఇంకేదో గ్రూపు తీసుకోవడం ఆమె ఊహకు అందలేదు.

ఆమె తన నోటుపుస్తకంలోంచి ఒక కాగితం చింపి, ఆరు వాక్యాలు రాసింది. పాస్‌వర్డ్ అక్షరాలు ఎందుకు కనిపించవో, ఏం చేయాలో. పొద్దున్నే తీసుకెళ్ళి వీరేశం సార్ బల్ల మీద పెట్టి, ఆయన చదవకముందే బయటికి వచ్చేసింది.

వీరేశం సార్ చదివారు. ఆయనకు అర్థమయింది కూడా. కానీ విద్యార్థిని సలహాను సొంతంగా అమలు చేసే అధికారం తనకు లేదు కాబట్టి, ‘తగు ఉత్తర్వుల నిమిత్తం’ అని రాసి మండలానికి పంపారు. మండలంవారు ‘పరిశీలన నిమిత్తం’ అని జిల్లాకు పంపారు.

ఈలోగా జిల్లాలో సాఫ్ట్‌వేర్ ఎంపిక కమిటీ కూర్చుంది. తప్పు కీబోర్డుది కాకపోతే లినక్స్‌దే కావాలి. లినక్స్‌లో రకాలు చాలా ఉన్నాయని ఎవరో చెప్పారు. అయితే మనకు తగిన రకం ఎన్నుకుందాం అన్నారు. పదమూడో తారీఖున ఆ ఎంపికను ముత్తారంపేట బడిలోనే పెట్టుకున్నారు, జబ్బు ఉన్నచోటే మందు చూడాలని.

మొదటి రకం తెరవగానే వెనుక ఒక అడవి జంతువు బొమ్మ వచ్చింది. శాఖ గౌరవానికి తగదని తిరస్కరించారు. రెండో రకంలో మెనూ అడుగునుంచి పైకి తెరుచుకుంది.

“మన శాఖలో ఏదైనను పైనుండి కిందికి రావలెను,” అన్నారు విశ్వమోహన్ గారు. “కిందినుండి పైకి లేచు పద్ధతిని మనం ప్రోత్సహించరాదు.”

మూడో రకం చాలా తేలికైనదనీ, పాత కంప్యూటర్లలో కూడా వెంటనే తెరుచుకుంటుందనీ చెప్పారు. వెంటనే తెరుచుకున్నది. కమలాకర్ గారు గడియారం చూసుకుని, ఇంత త్వరగా తెరుచుకుంటే సిబ్బంది మిగిలిన సమయాన్ని ఏం చేస్తారని అడిగారు. దాన్నీ తీసేశారు. సాయంత్రానికి, ఉన్నదాన్నే ఉంచి, వెనుక రంగు మార్చాలని ఏకగ్రీవంగా తీర్మానించారు. రంగు మార్చడానికి పాస్‌వర్డ్ అడగలేదు. ఇది కమిటీ సాధించిన మొదటి విజయంగా నమోదయింది.

పదిహేడో తారీఖు వచ్చింది. ముగ్గురు అధికారులూ మళ్ళీ కూర్చున్నారు. ఈసారి విశ్వమోహన్ గారు ఒక భూతద్దం తెచ్చారు, అక్షరాలు మరీ చిన్నగా పడుతున్నాయేమోనని. నవనీత కిటికీ దగ్గర లేదు. గుమ్మంలో ఉంది. రేపు సాయంత్రం ఐదింటికి సీటు పోతుంది.

గుమ్మం పక్కనున్న బల్ల మీద ఆ పొద్దున వచ్చిన టపా ఉంది. పైనే తన కాగితం కనిపించింది. మండలం ముద్ర, జిల్లా ముద్ర, ఇన్‌వర్డ్ నంబరు, అవుట్‌వర్డ్ నంబరు, నాలుగు పొడి సంతకాలు. అంచున ఎర్ర సిరాతో ‘తగు చర్య నిమిత్తం పాఠశాలకు పంపడమైనది’ అని ఉంది. ముద్రల మధ్య తన ఆరు వాక్యాలు ఇరుకుగా కూర్చున్నాయి. తన పేరు మీద సరిగ్గా ఒక ముద్ర పడి, ఎవరు రాశారో తెలియకుండా పోయింది.

నవనీత ఆ కాగితం తీసుకుంది. లోపలికి నడిచింది. విశ్వమోహన్ గారి ముందు పెట్టింది.

“సార్, ఇది మీ ఆఫీసుకెల్లి వచ్చింది,” అంది. ఆ మాట ఉత్తరపు గోడ దాకా వినిపించింది. రాజవ్వ చేతిలో చీపురు ఆగింది.

విశ్వమోహన్ గారు ముందు ముద్రలు చూశారు. తరువాత సంతకాలు. వాటిలో ఒకటి తనదే. తరువాత కుర్చీలో నిటారుగా కూర్చుని ఆరు వాక్యాలూ చదివారు.

“ఇంత స్పష్టమైన ఆదేశం మా కార్యాలయం నుండి వచ్చియుండగా,” అన్నారు, “మీరు ఇన్నాళ్ళు కీబోర్డులు మార్చుచూ కూర్చున్నారా, వీరేశం గారూ?”

వీరేశం సార్ తల దించుకున్నారు. ముగ్గురూ తమ తమ ముక్కలను ఒక్కొక్కసారే కొట్టారు. ఎంటర్ నొక్కారు. మూల నుంచి ప్రింటర్ గరగరమని పలికింది. రాజవ్వ చప్పట్లు కొట్టింది.

విశ్వమోహన్ గారు మాత్రం నల్ల తెరనే చూస్తూ ఉండిపోయారు. ఆయన ముఖం మెల్లగా వెలిగింది.

“గమనించారా?” అన్నారు. “కనిపించలేదు. అయినను నమోదైనది. కనిపించలేదు కనుకనే భద్రం! అక్షరం కనిపించుటయే మన వ్యవస్థలోని బలహీనత. దొంగ ధ్రువపత్రాలు ఎలా పుట్టుచున్నవి? అసలు పత్రంలోని అక్షరాలు కనిపించుటవలన. కనిపించనిచో ఎవరు కాపీ చేయగలరు?”

“ఎవలు జెయ్యలేరు సార్,” అన్నారు వీరేశం సార్. ఆయనకు ఇంటికి వెళ్ళాలని ఉంది.

నలభై ఎనిమిదో నంబరు సర్క్యులర్ అక్కడే తయారై, అప్పటికప్పుడే జిల్లాలోని అన్ని విద్యాసంస్థల ఫోన్లకు వెళ్ళింది. ఇకపై ధ్రువపత్రాలలో అక్షరాలు తెల్ల రంగులో ముద్రించవలెను. ముద్ర సిరా లేకుండా వేయవలెను.

అలా నవనీతకు బోనఫైడ్ వచ్చింది. ప్రింటర్ ఒక తెల్ల కాగితాన్ని లోపలికి లాక్కుని, కాసేపు ఆలోచించి, తెల్లగానే బయటికి పంపింది. వీరేశం సార్ అడుగున పొడి పెన్నుతో సంతకం చేసి, పొడి ముద్ర కొట్టి, దానికి ఒక కవరింగ్ లెటర్ జతచేశారు. కవరింగ్ లెటర్ మాత్రం మామూలుగా కనిపించింది, సర్క్యులర్‌లో దాని ప్రస్తావన లేదు కాబట్టి. ‘జతపరచినది: ధ్రువపత్రం ఒకటి. కనిపించదు.’

“ఇది నడుస్తదా సార్?” అంది నవనీత.

“నాకేం తెల్సు బిడ్డా,” అన్నారు వీరేశం సార్. పదిహేను రోజుల్లో ఆయన చెప్పిన నిజమైన మాట అదొక్కటే. “పోయి చూడు.”

రాత్రి అమ్మ ఆ కాగితాన్ని దీపం దగ్గర పెట్టి చూసింది, తిప్పి చూసింది. “ఇదేనా? దీనికేనా ఇన్ని రోజులు?” అని, మడత పడకుండా పాత క్యాలెండరు మధ్య పెట్టి ఇచ్చింది.

పద్దెనిమిదిన పాలిటెక్నిక్‌లో వరుస చాలా పొడుగ్గా ఉంది. నవనీత వంతు వచ్చేసరికి నాలుగూ నలభై. కిటికీ వెనుక గుమస్తా కళ్ళద్దాలు సవరించుకుని ముందు కవరింగ్ లెటర్ చదివాడు. తరువాత తెల్ల కాగితం చేతిలోకి తీసుకున్నాడు. పైనుంచి కిందికి చూశాడు. వేలు పెట్టి వరుస వరుసా చదివాడు.

“పేరు మంచిగనే ఉన్నది,” అన్నాడు గుమస్తా. “తండ్రి పేరు మంచిగనే ఉన్నది.” వేలు ఇంకాస్త కిందికి జరిగి ఆగింది. “పుట్టిన తేదీ తప్పు పడ్డది గదమ్మా.”

“తప్పా సార్?”

“అప్లికేషన్ల ఆగస్టు ఉన్నది. దీంట్ల ఏప్రిల్ ఉన్నది. ఇట్ల తీసుకోరాదు. మీ బడికి పోయి మార్పిచ్చుకొని రా.”

“ఇప్పుడా సార్? అయిదింటికి బందు గద!”

“దానికి నేనేం జెయ్యాలె? కనపడంగనే చూసుకోవద్దా?”

వెనుక అమ్మాయిలు తోసుకుంటున్నారు. ఒకరు “జల్ది కానియ్ అక్కా” అన్నారు. ముత్తారంపేటకు బస్సు గంటన్నర. బడికి తాళం వేసి ఉంటుంది. మూడు కవర్లు, ముగ్గురు సార్లు, ఉత్తరపు గోడ.

ఆమె తెల్ల కాగితాన్ని చూసింది. గుమస్తా వేలు ఇంకా అక్కడే ఉంది, తప్పు ఉన్నచోట.

“ఏడ సార్? ఇక్కడనా?” అంది.

“ఆఁ, గిక్కడ్నే.”

నవనీత బ్యాగులోంచి పెన్ను తీసింది. మూత తీయలేదు. గుమస్తా వేలు పక్కనే ఆనించి, ఏప్రిల్‌ను అడ్డంగా కొట్టేసింది. దాని పైన, తొందర లేకుండా, ఆగస్టు అని రాసింది. కాగితాన్ని అతనివైపు తిప్పింది.

“ఇప్పుడు సూడుండ్రి సార్.”

గుమస్తా కళ్ళద్దాలు తీసి, తుడిచి, మళ్ళీ పెట్టుకుని చూశాడు. చాలాసేపు చూశాడు.

“కొట్టివేత ఉన్న కాడ సంతకం పెట్టాలె,” అన్నాడు కటువుగా.

నవనీత మూత తీయకుండానే పొట్టి సంతకం చేసింది.

“ఇగ మంచిగున్నది. ఈసారికి ఊకుంటున్న. ఇంకోసారి గిట్ల దిద్దుబాట్లతోని తేకు.” అతను పెద్ద రిజిస్టరు తెరిచి, నీలం సిరాతో, అందరికీ కనిపించేలా ఆమె పేరు రాసుకున్నాడు. టపీమని ముద్ర కొట్టి రసీదు చించి ఇచ్చాడు.

నవనీత పక్కకు జరిగింది. వెనుక ఉన్న అమ్మాయి తన తెల్ల కాగితాన్ని కిటికీలోకి పంపింది. గుమస్తా వేలు మళ్ళీ వరుసల మీద నడిచి, ఒకచోట ఆగింది. “ఊరి పేరు తప్పున్నది గదా,” అన్నాడు.

ఆ అమ్మాయి కళ్ళలో నీళ్ళు తిరిగాయి. చుట్టూ చూసి, నవనీత చేయి పట్టుకుంది.

“అక్కా, జర ఆ పెన్ను ఇస్తవా?”

నవనీత ఇచ్చింది. “మూత మాత్రం తియ్యకు,” అంది, వరుసలో అందరికీ వినిపించేంత గట్టిగా.